పన్నెండు గంటల పద్దు

పరుగు పందెం నుంచి తిరిగొచ్చిన మనిషిని మనవాళ్లు అడిగే మొదటి మాట "ఎన్నో ప్లేసు వచ్చింది?" అని. ఫస్టా, సెకండా, కప్పిచ్చారా, డబ్బులేమైనా ఇచ్చారా? మేడ్చల్‌లోనో శామీర్‌పేటలోనో ఓ కాలనీలో ఉండే నలభై ఏళ్ల ఉద్యోగి దక్షిణాఫ్రికా దాకా పోయాడనుకోండి. తెల్లారకముందే మొదలుపెట్టి సాయంత్రం దాకా పరుగెత్తి, మెడలో ఏమీ లేకుండా ఇంటికొచ్చాడనుకోండి. ఆ ప్రశ్నకు ఏం చెప్పాలో తెలియక తల గోక్కుంటాడు. అతను పోగొట్టుకున్నది ప్లేసు కాదు, టైము. పన్నెండు గంటల్లో చేరాల్సిన చోటికి చేరలేకపోయాడు. మధ్యలోనే ఆపి బస్సెక్కించారు.

ఏడాది తిరక్కుండానే మళ్లీ పోతానంటాడు. ఇంట్లోవాళ్లకు ఇది మొండితనంలా కనిపిస్తుంది. ఆఫీసులో కాస్త తిక్కలా కనిపిస్తుంది. అసలు ఈ రెండోసారి పోవడంలో ఏముంది, దానికి అతను ఏం చేస్తాడు, పోయినేడు రానిది ఈ ఏడు ఎలా వస్తుందనుకుంటున్నాడు? పరుగు అలవాటు లేనివాళ్లకు అర్థమయ్యేలా చెప్పడానికే ఈ ప్రయత్నం. ఇతనికి పేరు పెట్టడం లేదు. ఏ ఒక్కరి కథా కాదు ఇది. ఆదివారం తెల్లవారుజామున రాజీవ్ రహదారి పక్కన తలకు లైటు కట్టుకుని పోతూ కనిపించేవాళ్లందరినీ కలిపి ఒక మనిషిగా అనుకుందాం.

మారథాన్ అంటే 42.195 కిలోమీటర్లు. అంతకు మించి ఎంత దూరమైనా అల్ట్రామారథానే. హైదరాబాద్‌లో మారథాన్ ఇప్పుడు వింతేమీ కాదు. హుస్సేన్ సాగర్ దగ్గర మొదలై ఫ్లైఓవర్లు ఎక్కుతూ దిగుతూ గచ్చిబౌలి వైపు సాగే ఆగస్టు పరుగు సంగతి పేపరు చదివే ప్రతివాళ్లకూ తెలుసు. అల్ట్రా సంగతి వేరు. వాటిలో చాలామందికి తెలిసిన పాతది కామ్రేడ్స్, మన మనిషి పోయింది దీనికే. దక్షిణాఫ్రికాలో డర్బన్, పీటర్‌మారిట్జ్‌బర్గ్ ఊళ్ల మధ్య కొండల దారిలో ఏటేటా కొద్దిగా మారుతూ 86 నుంచి 90 కిలోమీటర్ల దూరం. మన లెక్కలో ఇంచుమించు మేడ్చల్ నుంచి కామారెడ్డి దాకా. కారులో పోతేనే మధ్యలో ఓసారి చాయ్ తాగాలనిపించే దూరం.

ఈ పందెం పుట్టడమే పట్టు విడవకుండా అడిగినందువల్ల పుట్టింది. మొదటి ప్రపంచ యుద్ధంలో పోరాడి వచ్చిన విక్ క్లాపం అనే రైలు డ్రైవరు, చనిపోయిన తోటి సైనికుల జ్ఞాపకంగా ఈ పరుగు పెట్టనివ్వమని మాజీ సైనికుల సంఘాన్ని అడిగాడు. కాదన్నారు. మరుసటేడు అడిగాడు, మళ్లీ కాదన్నారు. చివరికి 1921లో ఒప్పుకుని ఖర్చులకు ఒక్క పౌండు ఇచ్చారు, అదీ తిరిగి కట్టాలన్న షరతుతో. ఆ ఏడు మే 24న 34 మంది బయలుదేరితే 16 మంది చివరిదాకా వెళ్లారు. ఇవాళ ఆ దారిలో పరుగెత్తేవాళ్లు వేలల్లో ఉంటారు. విదేశాల నుంచి వచ్చేవాళ్లలో ఇటీవలి ఏళ్లలో భారతీయుల గుంపు బాగా పెద్దది.

తెలుగువాళ్లకు ఆ దారి పూర్తిగా పరాయిదేమీ కాదు. మద్రాసు రేవు నుంచి బయలుదేరిన ట్రూరో ఓడ 1860 నవంబరు 16న డర్బన్‌లో దించిన కూలీలతో అక్కడి భారతీయుల చరిత్ర మొదలైంది. ఆ తర్వాత వచ్చిన ఓడల్లో మనవాళ్లు చాలామందే ఉన్నారు. చెరకు తోటల్లో గడువు ముగిసినా అక్కడే నిలిచిపోయిన ఆ కుటుంబాలు 1931లో ఆంధ్ర మహాసభ పెట్టుకున్నాయి. ఇక పీటర్‌మారిట్జ్‌బర్గ్ అంటే గాంధీని రైలు పెట్టె నుంచి దించేసిన స్టేషన్ ఉన్న ఊరు. అది 1893 జూన్ 7. కామ్రేడ్స్ కూడా మామూలుగా జూన్ నెలలోనే వస్తుంది. ఈ పరుగులోనూ ఆ వివక్ష చాలాకాలం నడిచింది. 1935లో రాబర్ట్ మ్చాలి అనే నల్లజాతి మనిషి తొమ్మిదిన్నర గంటల్లో పూర్తి చేసినా లెక్కలో రాసుకోలేదు. నల్లవాళ్లనూ ఆడవాళ్లనూ అధికారికంగా రానిచ్చింది 1975లో. ఇప్పుడు పది గంటల లోపు వచ్చినవాళ్లకిచ్చే పతకానికి మ్చాలి పేరే పెట్టారు.

పతకాల సంగతి వచ్చింది కాబట్టి, ఇక్కడ పతకం ప్లేసుకు కాదు, ఎక్కువగా టైముకు. మొదటి పదిమందికి బంగారం. ఆ తర్వాత ఆరు గంటలు, ఏడున్నర, తొమ్మిది, పది, పదకొండు అంటూ మెట్లు మెట్లుగా వేర్వేరు పతకాలు. చివరి మెట్టు పన్నెండు గంటలు. దానికి విక్ క్లాపం పేరు. మన మేడ్చల్ మనిషి కోరుకునేది ఆ రాగి పతకం ఒక్కటే. పన్నెండో గంట దగ్గరపడుతుంటే ఒక అధికారి వస్తున్న రన్నర్లకు వీపు తిప్పి ముగింపు గీత దగ్గర నిలబడతాడు, చేతిలో తుపాకీ. ఎవరు వస్తున్నారో చూస్తే జాలి కలుగుతుందేమోనని అలా తిరిగి నిలబడటం. టైము కాగానే పేలుస్తాడు. గీతకు రెండడుగుల ఇవతల ఉన్నా సరే, లేనట్టే లెక్క.

ఇప్పుడు అసలు లెక్కకు వద్దాం. ఈ మనిషి కిందటిసారి ఎందుకు ఓడిపోయాడో అర్థం కావాలంటే కాగితం మీద భాగహారం చేసి చూడాలి.

పన్నెండు గంటలంటే 720 నిమిషాలు. 88 కిలోమీటర్లతో భాగిస్తే కిలోమీటరుకు సుమారు ఎనిమిది నిమిషాల పది సెకన్లు. జోరుగా నడిచేవాడు పది నిమిషాల్లో కిలోమీటరు నడుస్తాడు. అంటే నడకకూ ఈ పరుగుకూ ఉన్న తేడా రెండు నిమిషాల కన్నా తక్కువే. వినగానే "ఇంతేనా" అనిపిస్తుంది. మొదటిసారి పోయేవాళ్లు చాలామంది మోసపోయేది ఈ "ఇంతేనా" దగ్గరే. దారి పొడుగునా ఇంచుమించు రెండు కిలోమీటర్లకొక చోట నీళ్లు, తిండి ఉన్న టేబుళ్లు ఉంటాయి. ఒక్కో దగ్గర ఒక్క నిమిషం ఆగితే నలభై నిమిషాలు ఆవిరైపోతాయి. రెండుసార్లు మూత్రానికి, ఒకసారి బూటు విప్పి బొబ్బ చూసుకోవడానికి మరో పది. వెనక వరసలో నిలబడినవాడు బయలుదేరే గీత దాటడానికే చాలా ఏళ్లపాటు కొన్ని నిమిషాలు పట్టేది. గడియారం మాత్రం మొదటి తుపాకీ మోతతోనే తిరగడం మొదలుపెట్టేది. ఇవన్నీ కలిపితే గంటకు దగ్గర పడుతుంది. అంటే చేతిలో ఉన్నది నిజానికి పదకొండు గంటలే, కాళ్లు కదుపుతున్నప్పుడు కిలోమీటరుకు ఏడున్నర నిమిషాల వేగం ఉండాలి. అదీ కొండలతో సహా.

కొండలకు పేర్లున్నాయి. కావీస్ హిల్, ఫీల్డ్స్ హిల్, బోథాస్ హిల్, ఇంచాంగా, పాలీ షార్ట్స్. మనం తిరుమల మెట్ల దారిలో మోకాళ్ల పర్వతం పేరు చెప్పుకున్నట్టు కామ్రేడ్స్‌కు పోయినవాళ్లు ఈ పేర్లు చెప్పుకుంటారు. దారిలో మధ్యమధ్య కటాఫ్‌లు ఉంటాయి. ఫలానా చోటుకు ఫలానా వేళకు రాకపోతే అక్కడితో సరి.

ఆ దారిలో బస్సు అన్న మాటకు రెండు అర్థాలు. ఒక అనుభవజ్ఞుడు ముందుండి, సరిగ్గా పన్నెండు గంటల్లోనో పదకొండు గంటల్లోనో చేర్చేలా ఓ గుంపును నడిపిస్తాడు. ఎక్కడ నడవాలో, ఎక్కడ పరుగెత్తాలో అతనే చెబుతాడు, పాటలు పాడిస్తాడు. ఆ గుంపును బస్సంటారు, అతన్ని డ్రైవరంటారు. రెండోది నిజమైన బస్సు, ఆగిపోయినవాళ్లను ఎక్కించుకునేది. మొదటి బస్సు చేజారినవాళ్లకు రెండో బస్సు దొరుకుతుందని వాళ్లలో వాళ్లు నవ్వుకుంటారు. ఎక్కాక మాత్రం ఎవరూ నవ్వరు.

మన మనిషి మొదటిసారి ఏం చేశాడో ఊహించడం కష్టం కాదు. చీకట్లో, చలిలో, చుట్టూ వేలమంది, లౌడ్‌స్పీకర్లో పాట, కోడికూత రికార్డు. 1948లో ఒక రన్నరు నోటితో వేసిన ఆ కోడికూతను ఇప్పటికీ వినిపిస్తారు. ఒళ్లు పులకరించి మొదటి పదిహేను కిలోమీటర్లు ఏడు నిమిషాల లోపు వేగంతో కొట్టేశాడు. "టైము దాచుకుంటున్నా" అనుకున్నాడు. ఈ పరుగులో టైము దాచుకోవడం అంటే మీటరు వడ్డీకి అప్పు తేవడమే. దాచిన పది నిమిషాలకు అరవయ్యో కిలోమీటరు తర్వాత నలభై కట్టాల్సి వచ్చింది.

ఆ వడ్డీ ఎక్కడి నుంచి వస్తుందో చెప్పాలంటే ఒంట్లోకి వెళ్లాలి. పరుగెత్తేటప్పుడు ఒక కిలో బరువుకు ఒక కిలోమీటరుకు ఇంచుమించు ఒక కేలరీ ఖర్చవుతుంది. డెబ్భై కిలోల మనిషికి 88 కిలోమీటర్లకు ఆరు వేల పైచిలుకు. ఒక్కో ఇడ్లీ 50 కేలరీలనుకుంటే నూట ఇరవై ఇడ్లీలు! కండరాల్లో, కాలేయంలో గ్లైకోజెన్‌గా దాచుకున్న పిండిపదార్థం రెండు వేల కేలరీల దాకానే ఉంటుంది. మిగతాది కొవ్వు నుంచి రావాలి. కొవ్వుకేం కొదవలేదు, సన్నగా ఉన్నవాడి ఒంట్లోనూ పదివేల కేలరీలకు మించే ఉంటుంది. కానీ కొవ్వు తడి కట్టె లాంటిది, నిదానంగా అంటుకుంటుంది. వేగం పెంచితే ఒళ్లు కొవ్వును వదిలి గ్లైకోజెన్ వైపు చేయి చాస్తుంది. అలా పొద్దున్నే దాన్ని ఊడ్చేసినవాడు మధ్యాహ్నానికి కాళ్లున్నా కదలలేని స్థితికి వస్తాడు. రన్నర్లు దీన్ని "బాంక్ అవ్వడం" అంటారు. మన బ్యాంకుకు దీనికీ సంబంధం లేదు గానీ ఖాతా ఖాళీ అయిన మాట నిజమే.

మరి దారిలో తినొచ్చు కదా? తినాలి. చిక్కల్లా పేగుల దగ్గర. మామూలుగా గంటకు అరవై గ్రాముల దాకా పిండిపదార్థాన్ని పేగులు లోపలికి తీసుకోగలవు. గ్లూకోజ్, ఫ్రక్టోజ్ కలిపి బాగా అలవాటు చేసుకుంటే తొంభై దాకా వెళ్తుంది. అరవై గ్రాములంటే రెండు పెద్ద అరటిపళ్లు, పైన ఇంకాస్త. కానీ పరుగులో నెత్తురంతా కాళ్లకూ చర్మానికీ పోతుంది, పొట్టకు మిగిలేది తక్కువ. ఎండ ఎక్కువైతే మరీ తక్కువ. అప్పుడు తిన్నది లోపలే కూర్చుని కడుపులో తిప్పుతుంది, వాంతి వస్తుంది. మధ్యలో ఆగిపోయేవాళ్లను అడిగి చూడండి, కాళ్ల కంటే కడుపు పేరే ఎక్కువసార్లు వినిపిస్తుంది.

అందుకే రెండో ఏడాది సాధనలో మొదటి మార్పు వంటింట్లో మొదలవుతుంది. ఆదివారం పరుగులో గంటకొకసారి తినడం కాళ్లకిచ్చే శిక్షణతో సమానమైన శిక్షణ. మన రన్నర్ల జేబుల్లో ఉండేవి చూస్తే ముచ్చటేస్తుంది: ఖర్జూరాలు, పల్లీపట్టీ ముక్కలు, ఉప్పు చల్లిన ఉడకబెట్టిన ఆలుగడ్డలు, డిక్కీలో సీసా నిండా రాగి జావ, పల్చటి ఉప్పు మజ్జిగ. కామ్రేడ్స్ టేబుళ్ల మీద కూడా ఆలుగడ్డలు, అరటిపళ్లు, నారింజలు, కోక్ దొరుకుతాయి. అక్కడ నీళ్లు గ్లాసుల్లో పొయ్యరు, చిన్న ప్లాస్టిక్ ప్యాకెట్లలో ఇస్తారు, పంటితో మూల కొరికి తాగాలి. అమెరికావాళ్లకూ యూరపువాళ్లకూ అదొక వింత. మన బస్టాండ్లలో వాటర్ ప్యాకెట్టు కొరికి పెరిగినవాళ్లకు ఆ ఒక్క విషయంలో శిక్షణ అక్కర్లేదు.

నీళ్ల దగ్గర కాస్త ఆగాలి. ఎండల దేశం వాళ్లం కాబట్టి "బాగా నీళ్లు తాగు" అన్నది మనకు దీవెన లాంటి మాట. దూరపు పరుగులో అదే ప్రాణం మీదికి తెస్తుంది. చెమటతో ఉప్పు పోతుంటే ఒట్టి నీళ్లు లీటర్లకు లీటర్లు తాగితే నెత్తుట్లో సోడియం పలచబడిపోతుంది. తలనొప్పి, వాంతి, అయోమయం, ముదిరితే మెదడు వాచి ఫిట్స్. దీన్ని వైద్య ప్రపంచం గుర్తించింది కామ్రేడ్స్ రన్నర్లను చూశాకే. దక్షిణాఫ్రికా శాస్త్రవేత్త టిమ్ నోక్స్, ఆయన తోటివాళ్లు ఆ కేసులను 1985లో ప్రచురించారు. అంతకుముందు కుప్పకూలిన ప్రతివాడికీ నీళ్లు చాలలేదనే అనుకునేవాళ్లు.

ఎంత తాగాలో తెలుసుకోవడానికి ల్యాబు అక్కర్లేదు. పరుగుకు ముందు బరువు చూసుకోవాలి, గంట పరుగెత్తి చెమట తుడుచుకుని మళ్లీ చూసుకోవాలి. ఒక కిలో తగ్గిందంటే లీటరు చెమట పోయిందన్నమాట, మధ్యలో తాగింది దానికి కలుపుకోవాలి. పోయినదంతా పూడ్చాల్సిన పని లేదు. దాహానికి తగ్గట్టు తాగి, బరువు కొద్దిగా తగ్గితే మంచిదే. పరుగు చివర బరువు పెరిగిందంటే మాత్రం ప్రమాదం. ఇంట్లో బాత్రూమ్ దగ్గర పడి ఉండే బరువు మిషన్‌కు ఇంత పని ఉందని చాలామందికి తెలియదు.

ఇక శామీర్‌పేట. ఈ సాధనకు ఉత్తర శివారే ఎందుకు బాగుంటుందంటే మొదటి జవాబు రోడ్లు కావు, నేల. దక్కను రాతి నేల ఇది, ఎక్కడా బల్లపరుపుగా ఉండదు. కారులో పోతే తెలియదు గానీ కాళ్ల మీద పోతే అల్వాల్ నుంచి హకీంపేట, తూంకుంట మీదుగా శామీర్‌పేట దాకా ఎక్కుతూ దిగుతూనే ఉంటాం. చెరువు గట్టు, జింకల పార్కు వైపు, నల్సార్ విశ్వవిద్యాలయం వైపు, తుర్కపల్లిలో జీనోమ్ వ్యాలీ దిక్కు పోయే దారులు తెల్లవారుజామున ఖాళీగా ఉంటాయి. ఒకప్పుడు ద్రాక్ష తోటలకు పేరుపడ్డ ప్రాంతం, ఇప్పుడు ప్లాట్ల రాళ్లు కనిపిస్తాయి. హైదరాబాద్ ఎత్తు సముద్రమట్టానికి సుమారు 540 మీటర్లు. కామ్రేడ్స్ దారిలో అత్యంత ఎత్తైన చోటు కూడా అంతకన్నా మరీ ఎక్కువేమీ కాదు. లద్దాఖ్ పరుగులకు పోయేవాళ్లలా ప్రాణవాయువు చాలదన్న బెంగ ఇక్కడ లేదు.

రోడ్ల సంగతికొస్తే సుఖం తక్కువ. ఇటు రాజీవ్ రహదారి, అటు మేడ్చల్ మీదుగా 44వ నంబరు జాతీయ రహదారి, రెండింటి మీదా రాత్రంతా లారీలే. ఔటర్ రింగ్ రోడ్డు 158 కిలోమీటర్ల చుట్టు, చూస్తే నోరూరుతుంది, కానీ పెద్ద రోడ్డు మీదికి కాలినడక వాళ్లను రానివ్వరు, రాకూడదు కూడా. మిగిలింది సర్వీసు రోడ్లు. మెరిసే జాకెట్టు, తల లైటు, ఎదురు వచ్చే బండి కనిపించేలా రోడ్డుకు కుడి పక్కన పరుగు, చెవిలో పాటలు లేకుండా. ఇవి జాగ్రత్తలు కావు, బతికుండటానికి కట్టే అద్దె. కుక్కల గురించి ఒక పుస్తకమే రాయొచ్చు. పరుగెత్తేవాణ్ని తరమడం వాటి ధర్మం, ఆగి నడవడం మన ధర్మం. నేను చూసిన రన్నర్లలో అందరికన్నా ఓర్పుగలవాళ్లు ఈ రెండో ధర్మం నేర్చుకున్నవాళ్లే.

అందుకని అనుభవజ్ఞులు చుట్టు పద్ధతి పాటిస్తారు. చెరువు దగ్గర ఎక్కడో స్కూటరు పెట్టి, దాని చుట్టూ ఐదారు కిలోమీటర్ల దారి ఒకటి చూసుకుని తిరుగుతారు. ప్రతి చుట్టుకూ డిక్కీ తెరిచి తాగడం, తినడం. చేతి గడియారంలో ఆగిన సమయం చూసుకోవడం కూడా. కిందటేడు టేబుళ్ల దగ్గర పోగొట్టుకున్న నలభై నిమిషాలు ఇక్కడే వెనక్కి రావాలి. ఆలుగడ్డ చేతిలోకి తీసుకుని నడుస్తూ నమలడం, ప్యాకెట్టు కొరికి రెండు గుక్కలు తాగి మళ్లీ అందుకోవడం, ఇవన్నీ సాధన చేస్తేనే వచ్చే పనులు. చుట్టు పద్ధతిలో ఒక పరీక్ష కూడా ఉంది. ప్రతి ఐదు కిలోమీటర్లకూ ఇంటికి తీసుకుపోయే బండి ఎదురుగా కనిపిస్తుంది.

నడక కూడా నేర్చుకోవాల్సిందే. కిందటేడు మన మనిషి నడకను ఓటమి అనుకున్నాడు, ఇక పరుగెత్తలేనన్నప్పుడే నడిచాడు. ఈ ఏడు మొదటి గంట నుంచే లెక్క ప్రకారం నడుస్తాడు: ఎనిమిది నిమిషాలు పరుగు, రెండు నిమిషాలు నడక, లేదా తనకు పొసిగిన మరో లెక్క. ఒళ్లు బాగున్నప్పుడే నడిస్తే కండరం పూర్తిగా అలిసిపోదు. అలిసిపోయాక నడిస్తే అది ఈడ్చుకుపోవడమే.

ఇంకో విచిత్రం. కామ్రేడ్స్‌కు మళ్లీ పోయేవాడు సాధారణంగా అదే పరుగుకు పోడు. ఒక ఏడాది డర్బన్ నుంచి ఎక్కుతూ పైకి, మరుసటేడు పీటర్‌మారిట్జ్‌బర్గ్ నుంచి దిగుతూ కిందికి, ఇలా మార్చి మార్చి పెడతారు. మధ్యమధ్య ఈ క్రమం తప్పిన ఏళ్లున్నాయి గానీ పద్ధతి ఇదే. కిందటేడు ఎక్కుడులో ఓడినవాడికి ఈ ఏడు దిగుడు ఎదురవుతుంది. "హమ్మయ్య, దిగుడే కదా" అనేవాళ్లకు తొడలు జవాబు చెబుతాయి. దిగేటప్పుడు తొడ ముందు కండరం ఒక పక్క సాగుతూనే ఇంకో పక్క బరువును ఆపుతుంది, బ్రేకు వేసినట్టు. ఆ పనిలో కండరపు పోగులు సూక్ష్మంగా తెగుతాయి. దిగుడు పరుగులో మూడు కిలోమీటర్ల ఫీల్డ్స్ హిల్ వచ్చేది ఇంకా ఇరవై కిలోమీటర్ల పైన మిగిలి ఉండగా, అప్పటికే అరవై దాటి పరుగెత్తిన కాళ్ల మీద. అక్కడ తొడలు చితికినవాళ్లు చదును రోడ్డు మీద కూడా పక్కకు తిరిగి నడుస్తూ కనిపిస్తారు.

దీనికి ఒళ్లు తనంతట తానే ఒక విరుగుడు పెట్టుకుంది. ఒకసారి దిగుడులో దెబ్బతిని కోలుకున్న కండరం, కొన్ని వారాలపాటు అలాంటి దెబ్బను బాగా తట్టుకుంటుంది. అంటే ముందే కొద్దికొద్దిగా నొప్పి కొనుక్కోవాలి. శామీర్‌పేటకు దగ్గర్లోనే కీసరగుట్ట ఉంది. రామలింగేశ్వరస్వామి గుడి, శివరాత్రి జాతర, అందరికీ తెలిసిందే. కిందటేడు మన మనిషి గుట్ట ఎక్కడం పరుగుతో, దిగడం నడకతో సాధన చేశాడు. ఈ ఏడు తిరగేశాడు. పైకి నెమ్మదిగా నడిచి, కిందికి అడుగులు చిన్నవి చేసుకుంటూ గబగబా దిగుతాడు. మరునాడు ఆఫీసు మెట్లు దిగుతుంటే ముఖం చిట్లించడం చూసి తోటివాళ్లు డాక్టరు పేరు చెబుతారు.

కాలం కూడా మనతో ఆటాడుతుంది. జూన్ దక్షిణాఫ్రికాకు చలికాలం. సాధన బాగా ముదరాల్సింది మార్చి నుంచి మే దాకా, అంటే మన ఎండాకాలం నడినెత్తిన. అర్హతకు ఇటీవలి ఏళ్లలో 4 గంటల 50 నిమిషాల్లోపు పూర్తి చేసిన మారథాన్ చూపించాలి. జనవరిలో వచ్చే ముంబై మారథాన్‌లో చాలామంది ఆ పని కానిచ్చుకుంటారు. అక్కడి నుంచి ఎండతో పరుగు. యాభై కిలోమీటర్ల లాంగ్ రన్ ఎనిమిది నిమిషాల చొప్పున ఆరు గంటల నలభై నిమిషాలు. రాత్రి రెండున్నరకు మొదలుపెడితే పొద్దున తొమ్మిదీ పదికి ముగుస్తుంది, మే నెలలో అప్పటికే రోడ్డు సెగలు కక్కుతుంటుంది. రెండున్నరకు మొదలవ్వాలంటే ఒంటిగంటన్నరకు లేవాలి, శనివారం రాత్రి పెళ్లి భోజనాలకు పోకూడదు. మే నెలలో పెళ్లికి రానన్నవాడికి చుట్టాల్లో ఎంత పేరొస్తుందో వేరే చెప్పక్కర్లేదు.

ఎండ వల్ల మేలూ ఉంది. రెండు వారాల పాటు వేడిలో కదిలిన ఒంట్లో నెత్తుటి ద్రవం పెరుగుతుంది, చెమట తొందరగా మొదలవుతుంది, దానిలో ఉప్పు తగ్గుతుంది, గుండె మీద భారం తగ్గుతుంది. ఎండలో కుదరని ఏడు నిమిషాల వేగం చల్లటి గాలిలో అలవోకగా వస్తుంది. అందుకే ఏప్రిల్‌లో గడియారం చూసి దిగులు పడొద్దని పాతవాళ్లు చెబుతారు. అయితే వడదెబ్బకు ఈ శాస్త్రం తెలియదు. తల తిరిగినా, చెమట ఆగి ఒళ్లు కాలినా, మాట తడబడినా ఆ రోజుకు ఆపేయడమే. ఇంకొక మాట గట్టిగా చెప్పాలి. పరుగు మధ్యలో నొప్పి మాత్రలు మింగకూడదు. చెమటతో నీరు తగ్గి, కండరాలు చిట్లి, అసలే భారం మోస్తున్న మూత్రపిండాలకు ఇబుప్రోఫెన్ లాంటి మందులు మరింత దెబ్బ. పరుగు తర్వాత మూత్రం కాఫీ రంగులో వస్తే ఇంట్లో కూర్చోకుండా ఆసుపత్రికి పోవాలి. నలభై దాటి ఈ దారి పట్టేవాళ్లు గుండె పరీక్ష చేయించుకోకుండా పట్టడం నాకు మాత్రం ధైర్యంగా అనిపించదు.

ఇన్ని తంటాలు పడి ఒకే గోడకు మళ్లీ తల బాదుకోవడం ఎందుకని అడిగేవాళ్లున్నారు. వాళ్లకో ఉదాహరణ: అమెరికాలో టెనసీ అడవుల్లో బార్క్‌లీ అనే పరుగుంది. ఐదు చుట్లు, 60 గంటలు. చాలా ఏళ్లు ఒక్కరు కూడా పూర్తి చేయకుండా ముగుస్తుంది. జాస్మిన్ పారిస్ అనే బ్రిటిష్ పశువైద్యురాలు 2022లో పూర్తి చేయలేకపోయింది, 2023లోనూ కాలేదు. 2024 మార్చిలో గడువుకు 99 సెకన్ల ముందు వచ్చి గేటు ముట్టుకుని నేల మీద కూలబడింది. ఆ పరుగు పూర్తి చేసిన మొదటి మహిళ ఆమె. అరవై గంటల్లో 99 సెకన్లంటే ఒకసారి బూటు లేసు ఊడితే పోయే సమయం. అందరూ ఆమె గుండె దిటవును మెచ్చుకున్నారు. అది ఉండే ఉంటుంది, రెండుసార్లు ఓడినప్పుడు కూడా అంతే ఉండి ఉంటుంది. మధ్యలో మారింది దారి తెలియడం, ఎక్కడ నిమిషం పోతుందో తెలియడం అని నా అనుమానం. పట్టుదల మొదటిసారీ ఉంటుంది. రెండోసారి పోయేవాడి దగ్గర అదనంగా ఉండేది పద్దు.

పందెం మూడు వారాల దూరంలోకి వచ్చాక చేయాల్సిన పని తగ్గించడం. దీన్ని టేపర్ అంటారు. వారానికి ఎనభై కిలోమీటర్లు పరుగెత్తినవాడు యాభైకి, ముప్ఫైకి దిగుతాడు. ఇప్పుడు పెంచితే లాభం లేదు, కొత్త బలం రావడానికి టైము చాలదు, అలసట మాత్రం నిక్కచ్చిగా వెంట వస్తుంది. నెలల తరబడి రాత్రిళ్లు లేచినవాడికి పొద్దు పోదు, గోళ్లు గిల్లుకుంటాడు, లేని మోకాలి నొప్పులు కనిపెడతాడు. ఇంట్లోవాళ్లు అతన్ని భరించడానికి కష్టపడేది లాంగ్ రన్‌ల రోజుల్లో కాదు, ఈ మూడు వారాల్లోనే.

ఆ ఖాళీలో అతను ఒక చీటీ రాసుకుంటాడు, మణికట్టుకు చుట్టుకునేంత. ఈసారి దిగుడు కాబట్టి ఊళ్ల వరుస తిరగబడింది. పాలీ షార్ట్స్, ఇంచాంగా, డ్రమండ్, బోథాస్, ఫీల్డ్స్, కావీస్. ఒక్కో పేరు పక్కన ఒక టైము. సగం దారిలో డ్రమండ్ దగ్గర ఆర్థర్స్ సీట్ అని రాతిలో ఒక గూడు లాంటి చోటుంది. పాతకాలపు విజేత ఆర్థర్ న్యూటన్ అక్కడ కాసేపు కూర్చునేవాడని చెబుతారు. అక్కడ ఒక పువ్వు పెట్టి ఆయనకు నమస్కారం చెబితే రెండో సగం బాగా సాగుతుందని ఆ దారి నమ్మకం. కిందటేడు మన మనిషి అక్కడ రెండు నిమిషాలు నిలబడి ఫొటో దిగాడు. ఈసారి చీటీలో ఆ పేరు పక్కన "పువ్వు — 10 సెకన్లు" అని రాసుకున్నాడు.